ఈడూ జోడూ

మారీ ఊళ్ళో మధ్యాహ్నం నలభై నాలుగు డిగ్రీలు.
బానెట్ ఎత్తితే లోపల ఇంకో మధ్యాహ్నం.

డెల్వీన్ ల్యాండ్ క్రూజర్‌కి రెండు బ్యాటరీలు,
ఇంజనుకి ఆ పక్కొకటి, ఈ పక్కొకటి.
ఎడమది చచ్చిపోయింది.
"ఒక్కటి మార్చు చాలు," అంది టోపీతో విసురుకుంటూ,
"రెండోది నిక్షేపంలా ఉంది.
వాన చూసి మూడేళ్ళయింది లయల్,
పశువుల దాణాకే డబ్బు చాలట్లేదు."

లయల్ ఏమీ అనకుండా
మీటరు తీగలు నా చేతికిచ్చాడు.
పన్నెండు పాయింట్ ఆరు.
"చూశావా!" అంది డెల్వీన్.
"ఊరికే కూర్చున్నవాడికి ఆయాసమేముంటుంది?
బరువెత్తమను."

లోడ్ టెస్టర్ తగిలించి మీట నొక్కాను.
ముల్లు పన్నెండు దిగి, పదకొండు దిగి,
పది దగ్గర నిలబడబోయి
తొమ్మిది మీద చతికిలబడింది.

"దీని పక్కన కొత్తది పెట్టావనుకో,
పగలు పరుగెడుతున్నంతసేపూ ఏమీ తెలీదు.
రాత్రి దారి పక్కన బండాపి నువ్వు నిద్రపోయాక
కొత్తది దీనికి పోస్తూనే ఉంటుంది,
చిల్లికుండకి పోసినట్టు.
తెల్లారేసరికి రెండూ ఖాళీ.
అక్కడ నీ తల దాచుకోడానికి చెట్టు కూడా ఉండదు."

డెల్వీన్ తిట్టింది,
మమ్మల్ని కాదు, ఆకాశాన్ని.
ఆ తర్వాత తలూపింది.

వెనక గదిలో ఐదున్నాయి.
అట్టపెట్టెలు చింపి
మూత అంచున గుద్దిన తేదీలు పైకి చదివాను.
ఆ అంకెలు లయల్ కంటికి ఆనడం మానేసి రెండేళ్ళు.
కళ్ళు మూసుకుని వింటాడు,
బంధువుల పేర్లు వింటున్నట్టు.

ఒకటి జనవరిది. దానికి తోడు లేదు.
మార్చిలో ఒకే వారం పుట్టినవి రెండు:
పన్నెండు పాయింట్ ఏడు ఒకటి,
పన్నెండు పాయింట్ ఐదు ఎనిమిది.
"వద్దు. అక్కచెల్లెళ్ళే గానీ
ఒకతి సరిగ్గా తినలేదు."
మేలోవి రెండు:
ఏడు సున్నా, ఆరు తొమ్మిది.
"అవీ ఈడూ జోడూ."
"మరి ఆ వందో వంతు తేడా?"
"అదీ లేకపోతే మీటర్ని అనుమానించు."

నెగటివ్ చివర అన్నాడు, ప్రతిసారీ అన్నట్టే.
నేను చివరే బిగిస్తున్నాను, ప్రతిసారీ లాగే.

నాకు పంతొమ్మిది. ఆయనకి డెబ్బై ఒకటి.
ఒకే షెడ్డు, ఒకే బల్ల, పధ్నాలుగు నెలలుగా.
ఆయన వేళ్ళలోంచి పానా జారేచోట
నా అరచెయ్యి ముందే ఉంటుంది.
బండి ఇంకా మలుపు తిరగకముందే
దాని దగ్గు ఆయనకి వినిపిస్తుంది,
నాకు దుమ్ము మాత్రమే కనిపిస్తుంది.
ఈయన చెప్పిన లెక్కన
ఈపాటికి నేను ఖాళీ అయిపోయి ఉండాలి.

అడిగేశాను.
నట్టు మీంచి తల ఎత్తకుండానే.

లయల్ చాలాసేపు
అప్పటికే శుభ్రంగా ఉన్న చేతులు తుడుచుకున్నాడు.
"అది సీసానికి చెప్పిన మాట, బ్రిన్."
మళ్ళీ కాసేపటికి,
"అయినా కొలుచుకుంటూ ఉండు.
ఊరికే కూర్చున్నప్పుడు కాదు."

డెల్వీన్ తాళం తిప్పింది.
ఒక్క తిప్పే.
ఉడ్నడాటా దారి మీద ఎర్రటి దుమ్ము లేచి
కిందికి దిగడం మర్చిపోయింది.

నిక్షేపంలాంటి ఆ పాతదాన్ని
లయల్ పారేయనివ్వలేదు.
షెడ్డు తలుపు మీద చిన్న బల్బు కట్టి దానికి తగిలించాడు.
"ఒంటరిగా, చిన్న పనికైతే
ఇంకో రెండేళ్ళు వస్తుంది."

తాళాలు జేబులో వేసుకుని వెళ్తూ
మలుపు దగ్గర ఆగి చూశాను.
వెలుగుతోంది.
కింద కుర్చీలో ఆయన.
పురుగులు ఒక్కొక్కటే వచ్చి చేరుతున్నాయి.